కోలారు బంగారు గనులు

చిత్తూరు జిల్లా పడమటి సరిహద్దు దాటినంతనే కర్ణాటకమునందలి కోలారు జిల్లా వచ్చును. అచట తెలుగు, కన్నడము, తమిళము ఒకే వీథిలో వినవచ్చును. ఆ జిల్లాలోని బంగారు గనుల పట్టణమును సమీపించువారికి మొదట కానవచ్చునవి బూడిదరంగు గుట్టలు. అవి ప్రకృతి నిర్మించిన కొండలు కావు. బంగారమును తీసివేసిన పిదప మిగిలిన రాతిపిండిని నూరేండ్లకు పైగా కుప్పలు పోయగా ఏర్పడిన దిబ్బలవి.

ఈ నేలలో బంగారమున్నదని పూర్వులకును తెలియును. 1799లో టిప్పుసుల్తాను మరణించిన పిమ్మట మైసూరు సరిహద్దులను కొలుచుటకై వచ్చిన జాన్ వారెన్ అను సైనికాధికారి, 1802లో ఆ వార్త విని, బంగారమును చూపినవారికి బహుమానమిత్తునని ప్రకటించెను. ఊరిగాము గ్రామస్థులు బండ్లతో మట్టిని తెచ్చి, అతని యెదుటనే కడిగి, మెరయు రేణువులను చూపిరట. వారెన్ వ్రాసిన నివేదిక చాలకాలము మరుగున పడియుండెను.

బెంగళూరు దండులో విశ్రాంత జీవితము గడపుచున్న లావెల్ అను ఐరిష్ సైనికుడు దానిని చదివెను. అతడు 1875లో మైసూరు ప్రభుత్వము నుండి త్రవ్వకములకు అనుమతి పొందెను గాని, గని త్రవ్వుటకు ఆశ యొక్కటి చాలదు గదా! ధనము లేక తన హక్కును ఇతరులకు వదలుకొనెను. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అను ఆంగ్లేయ సంస్థ రంగమున ప్రవేశించెను. మూలధనము కరగిపోవుచు, వాటాదారులు నిరాశ చెందుచున్న సమయమున, 1883లో ప్లమ్మర్ అను అధికారి పూర్వులు త్రవ్విన పాత గోతుల వెంబడి పోయి ఛాంపియన్ అను గొప్ప ఖనిజసిరను కనుగొనెను. ఆధునిక యంత్రములకు దారి చూపినవి పేరెరుగని ఆ ప్రాచీనుల గోతులే యనుట గమనింపదగినది.

అంతటితో ఆ మెట్టనేల నగరమయ్యెను. 1894 నాటికి రైలు వచ్చెను. 1902లో శివసముద్రము జలపాతము నుండి సుమారు 147 కిలోమీటర్ల తీగలపై విద్యుచ్ఛక్తి వచ్చెను. బెంగళూరు వీథులలో విద్యుద్దీపములు వెలిగినది అటుపై మూడేండ్లకు! బంగళాలు, క్లబ్బులు, చల్లని వాతావరణము చూచి దొరలు దానిని చిన్న ఇంగ్లండు అని పిలిచిరి. ఉత్తరార్కాడు, చిత్తూరు ప్రాంతముల నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన కూలీలకు మాత్రము ఒంటిగది గుడిసెల వరుసలే దక్కెను. వానిని లైన్లు అందురు.

గనిలోని పని యెట్టిదో ఊహింపుడు. కేజి అను ఇనుపపెట్టెలో నిలబడి కూలీలు క్రిందికి దిగుదురు. ఛాంపియన్ రీఫు గని 3 కిలోమీటర్లకు మించిన లోతునకు చేరెను. ప్రపంచములోని మిక్కిలి లోతైన గనులలో అది యొకటి. అంత లోతున రాయి 65 డిగ్రీల వేడితో నుండును. చల్లనిగాలిని యంత్రములతో పంపనిదే మనుష్యుడు నిలువలేడు. పైనున్న భారమునకు తాళలేక రాయి ఒక్కొక్కప్పుడు ఫిరంగివలె ప్రేలి, పని చేయువారిని పొట్టన పెట్టుకొనెడిది. బ్రతికి బయటపడినవారిలోను రాతిదుమ్ము ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ వ్యాధిపాలైనవారు కలరు. 1930లో తమ వేలిముద్రలు తీసికొనవలెనను నిబంధనకు వ్యతిరేకముగా కూలీలు సమ్మె కట్టిరి. దొంగలవలె తమను చూచుట వారికి సహింపరాని అవమానమయ్యెను.

ఆ లోతు శాస్త్రజ్ఞులకును ఉపకరించెను. వాతావరణమునందు జనించు న్యూట్రినోలు అను సూక్ష్మకణముల జాడ 1965లో ఇచటనే లభించెను.

పైకి తెచ్చిన రాతిని పిండిచేసి, సయనైడు ద్రావణముతో బంగారమును కరగించి వేరుపరచెడివారు. తొలినాళ్లలో టన్ను రాతికి పదుల గ్రాముల బంగారము లభించెడిది. పోనుపోను అది మూడు నాలుగు గ్రాములకు దిగెను. లోతు పెరిగిన కొలది నీటిని తోడుటకును, గాలిని పంపుటకును వ్యయము పెరిగెను. 1956లో మైసూరు ప్రభుత్వము, 1962లో కేంద్రప్రభుత్వము గనులను స్వీకరించెను. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడెను. యజమానులు మారినను సిరలోని బంగారము పెరుగదు. మొత్తము సుమారు 800 టన్నుల బంగారమునిచ్చిన ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడెను.

పంపులు ఆగినంతనే సొరంగములలో నీరు నిండసాగెను. కేజిని దింపెడి ఎత్తైన ఇనుపగోపురములు త్రుప్పుపట్టెను. బంగళాల కప్పులు కూలెను. వేసవిగాలి వీచినపుడు సయనైడు దిబ్బల దుమ్ము ఇండ్లలోనికి వచ్చును. అయినను లైన్లు నిర్మానుష్యములు కాలేదు. తాతముత్తాతలు గనిలో దిగిన ఇండ్లను విడువలేక పలువురు అచటనే యున్నారు. వారిలో వేలాదిమంది తెల్లవారకమున్నే రైలెక్కి బెంగళూరునకు కూలికిని, కొలువునకును పోయి, చీకటిపడిన తరువాత ఇల్లు చేరుదురు.