పరాయి ఇంట్లో పిల్ల

న్యూజిలాండ్ సముద్రం మధ్యలో ఉన్న దేశం. అక్కడి హైస్కూళ్లలో చదవడానికి వేరే దేశాల పిల్లలు వస్తారు. చాలామంది అక్కడి కుటుంబాల ఇళ్లలో ఉంటారు. దీన్ని హోమ్‌స్టే అంటారు.

ఆ ఇంటివాళ్లు గది ఇస్తారు. తిండి పెడతారు. పిల్ల తల్లిదండ్రులు డబ్బు కడతారు.

డబ్బు కడితే సరిపోతుందా? పిల్ల క్షేమం ఎవరు చూస్తారు?

ఆ బాధ్యత బడిది. ఇది ప్రభుత్వ నియమం. బడివాళ్లు ముందే ఆ ఇల్లు చూస్తారు. ఇంట్లో 18 ఏళ్లు నిండిన ప్రతివారి గురించీ పోలీసుల దగ్గర వాకబు చేస్తారు. తర్వాత కూడా వస్తూ ఉంటారు. పిల్లతో మాట్లాడతారు. ఇబ్బంది ఉంటే వేరే ఇల్లు చూస్తారు.

మీ పిల్ల చుట్టాల ఇంట్లో ఉండి చదువుతోందా? మనవాళ్లే కదా అని ఊరుకోవద్దు. పక్కకు పిలిచి అడగండి: "అక్కడ నీకు బాగుందా అమ్మా?"

చెప్పేది చివరిదాకా వినండి.