సి.ఎన్.సి. యంత్రమునకు బ్రేకౌట్ బోర్డు కొనువారికి

మగ్గపు కొయ్య సామాను చెక్కుటకు చిన్న సి.ఎన్.సి. యంత్రమును ఇంటనే కూర్చుకొనదలచు సోదరులు బ్రేకౌట్ బోర్డు ధరను చివరనే చూడవలెను. కంప్యూటరు ఆజ్ఞలను మోటారు డ్రైవర్లకు అందించునది ఈ బోర్డే.

1. మొదట కంప్యూటరు వెనుక చూడుడు. 25 పిన్నుల ప్యారలల్ పోర్టున్నచో చౌక బోర్డు చాలును. అందు 12 పిన్నులు ఆజ్ఞలు పంపును. మోటారు ఒక్కింటికి 2 వలయును. హద్దు స్విచ్చుల కబురు తెచ్చునవి 5. యు.ఎస్.బి. మాత్రమే ఉన్నచో ఆ బోర్డు వృథా. ప్రింటరు మార్పిడి తీగయు పనికిరాదు. ఆర్డ్వినోపై జి.ఆర్.బి.ఎల్. నడుచు బోర్డు కొనుడు.

2. ఆప్టో రక్షణ ఏ పిన్నులకు కలదో అడుగుడు. చౌక బోర్డులలో తరచు లోనికి వచ్చు పిన్నులకే ఉండును.

3. అత్యవసర స్విచ్చు మోటార్ల కరెంటును నేరుగా తెంచవలెను, బోర్డునే నమ్మరాదు.

నూలు నంబరు చూడక పన్నె కొనము. అట్లే పోర్టు చూడక బోర్డు కొనరాదు.