ల్యాప్‌టాప్ కన్నా ముందు మిర్చి కళ్లం

నరసరావుపేటలో ఇంటర్ పిల్లల తల్లిదండ్రులు ఈమధ్య తరచూ అడిగే మాట ఇది: "మావాడు బొమ్మలు బాగా వేస్తాడండీ, డిజైన్ కోర్సులో చేర్చమంటారా?" ఆ వెంటనే రెండో ప్రశ్న: "కోచింగ్ ఎక్కడ బాగుంటుంది?" సీఎస్‌ఈ సీటు రాదనుకున్న ఇళ్లలో డిజైన్ అన్న పేరు పరువు నిలబెట్టే మార్గంగా మారిపోయింది. గీత బాగుంటే మంచిదే, ఆ చెయ్యి పనికొస్తుంది. కానీ ప్రోడక్ట్ డిజైన్‌కు అదొక్కటే చాలదు. ఎదుటి మనిషి పని చేసుకుంటుంటే గంటల తరబడి ఓపిగ్గా చూడగలగాలి. ఎక్కడ నడుం పట్టేస్తోంది, ఎక్కడ చెయ్యి ఆగుతోంది అని పట్టించుకోవాలి.

అలా చూసిన మనిషే చింతకింది మల్లేశం గారు. వారిది ఆలేరు దగ్గర శారాజీపేట. ఆరో తరగతితో చదువు ఆగిపోయింది. తల్లి లక్ష్మమ్మ పోచంపల్లి చీరలకు ఆసు పోసేవారు, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పేవారు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. భుజం నొప్పితో ఆమె పడే బాధ చూసి, 1992లో ఆసు యంత్రం పని మొదలుపెట్టారు. ఒక కదలిక కుదిరితే మరొకటి కుదరదు. మళ్లీ విప్పడం, మళ్లీ బిగించడం. హైదరాబాద్ బాలానగర్‌లో ఒక యంత్రం కదలిక చూశాక చివరి చిక్కు వీడింది. 1999లో యంత్రం పూర్తయింది. చీరకు నాలుగైదు గంటలు పట్టే ఆసు గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది.

డిజైన్ కళాశాలల్లో నాలుగేళ్లు నేర్పేదంతా ఆ ఏడేళ్లలో ఉంది: పని చూడటం, సమస్య ఎక్కడుందో తేల్చుకోవడం, నమూనా కట్టడం, అది విఫలమైతే కారణం పట్టుకోవడం, వాడే మనిషి చేతికి ఇచ్చి మళ్లీ చూడటం. ఇందులో ఏ మెట్టూ మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో దాటిపోయేది కాదు.

పల్నాడు పిల్లలకు ఈ చదువు ఇంటి ముందే ఉంది. మిర్చి కళ్లంలో తాలు కాయలు ఏరుతున్న ఆడవాళ్ల దగ్గర ఒక పూట కూర్చోమనండి. ఘాటుకు చేతులు మండుతుంటాయి, వంగి వంగి నడుం పోతుంది. "గ్లవ్స్ ఇస్తే సరి" అంటాడు మీ అబ్బాయి. ఆ ఎండలో గ్లవ్స్ లోపల చెమట పడితే? కాయ ఎండిందో లేదో వేళ్లకు తెలియకపోతే? కూలి డబ్బుల్లోంచి అవి కొనేదెవరు? చిరిగితే మాచర్లలో దొరుకుతాయా? వాడే చెయ్యి, వాతావరణం, ధర, మన్నిక, మరమ్మతు అన్నీ ఒకేసారి లెక్కలోకి వస్తాయి. ఈ ప్రశ్నలు వాటంతట అవే పుట్టుకొచ్చే పిల్లను డిజైన్‌కు పంపండి, ఆమెకు బొమ్మలు అంతంతమాత్రంగా వచ్చినా సరే.

ఇలాంటి ప్రశ్నలు కొత్తవేమీ కావు. 1958లో అమెరికన్ డిజైనర్లు చార్ల్స్, రే ఈమ్స్ మన ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చారు. అందులో వాళ్లు ఎంతో మెచ్చుకున్న వస్తువు మన చెంబు. ఎన్ని నీళ్లు పట్టాలి, చంకన ఎలా ఒదగాలి, ఎలా వంపాలి, లోపల కడగడానికి మూతి ఎంత ఉండాలి, పాతబడ్డాక లోహానికి ఎంత వస్తుంది అని వరసగా ఆలోచించారు. ఆ నివేదిక ఆధారంగానే 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ) మొదలైంది. ఇప్పుడు మన రాష్ట్రంలోనూ ఎన్ఐడీ ఉంది.

డిజైన్ ప్రవేశ పరీక్షల్లో ఎన్ఐడీ డాట్‌కైనా, ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్‌కైనా ఇంటర్ ఏ గ్రూపు వాళ్లయినా అర్హులే.

డబ్బు సంగతి మాత్రం నిక్కచ్చిగా మాట్లాడాలి. తొమ్మిదో తరగతి నుంచే "డిజైన్ ఫౌండేషన్" అని ఫీజు కట్టించుకునేవాళ్లు ఉన్నారు. యూసీడ్ పాత ప్రశ్నపత్రాలు ఐఐటీ బాంబే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. ముందు అవి చేయించి చూడండి. పోర్ట్‌ఫోలియో తయారుచేసి ఇస్తామనే వాళ్ల గడప తొక్కకండి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే అది ఎవరి పనో తేలిపోతుంది, సిగ్గుపడేది పిల్లవాడే.

ప్రైవేటు డిజైన్ కళాశాలల్లో చాలాచోట్ల ఏడాదికి మూడు నుంచి ఐదు లక్షలు. హాస్టలు, ల్యాప్‌టాప్, మోడల్ సామాన్లు వేరే. దీనికోసం ఎకరం అమ్ముతానన్న తండ్రికి నేను వద్దనే చెబుతాను. అంతగా చేర్చాలనుకుంటే ముందు వర్క్‌షాప్ చూపించమనండి. లేత్ మీద పిల్లలు పని చేస్తున్నారా, దుమ్ము పట్టి ఉందా చూడండి. మూడేళ్ల కిందట బయటికెళ్లిన విద్యార్థులతో ఫోన్‌లో మాట్లాడించమనండి. రంగురంగుల బ్రోచర్ ఇచ్చి పంపితే తిరిగి బస్సెక్కండి.

చేతిపని బాగా వచ్చే పిల్లలకు నాకు ఇష్టమైన దారి వేరే ఉంది. బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ నడుస్తోంది, విజయవాడలోనూ శాఖ ఉంది. పదో తరగతి తర్వాత టూల్, డై అండ్ మౌల్డ్ మేకింగ్ డిప్లమా చేయవచ్చు. ప్లాస్టిక్ బకెట్ దగ్గర్నుంచి కారు విడిభాగం దాకా వస్తువు ఎలా తయారవుతుందో అక్కడ చేతులతో నేర్చుకుంటారు. తయారీ తెలియని డిజైనర్ గీసింది కాగితం దాటదు. డిప్లమా అంటే చిన్నచూపు ఎందుకో నాకు అర్థం కాదు. ఇప్పటికే బీటెక్ మెకానికల్‌లో ఉన్నవాళ్లు డిజైన్ పీజీ ప్రవేశ పరీక్ష సీడ్ రాసి ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట్ల ఎండెస్‌కు వెళ్లొచ్చు. పల్నాడులోని దుర్గిలో రాయి చెక్కే కుటుంబాల పిల్లలకైతే ఒక మాట: ఉలి పట్టిన అనుభవం దరఖాస్తులో దాచుకోకండి, మొదటి పేజీలోనే పెట్టండి.

ఏ దారైనా సరే, ఇష్టం లేదన్న పిల్లను "క్రియేటివ్ ఫీల్డ్ కదా" అని తోయకండి. ఇష్టమన్న పిల్లను "సాఫ్ట్‌వేర్ కాదా" అని ఆపకండి. అక్టోబరు నుంచి ఎన్ఐడీ, యూసీడ్ వెబ్‌సైట్లు వారానికోసారి చూస్తూ ఉండండి. దరఖాస్తు మాత్రం పిల్లల చేతే నింపించండి.