జ్వరం తగ్గినా టి.బి. మాత్రలు ఎందుకు?

"జ్వరం పోయింది, దగ్గు తగ్గింది, ఆకలి కూడా వేస్తోంది. ఇంకా ఈ మాత్రలెందుకండీ?" టి.బి. మందులు రెండు నెలలు వాడినవారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. జవాబు ఆ క్రిమి పెరిగే తీరులోనే ఉంది.

బాక్టీరియా అంటే ఒకే కణం గల జీవి. దానిలో ఆడ, మగ లేవు. తనలోని జన్యుపదార్థానికి నకలు తయారుచేసుకుని, కాస్త పొడవు పెరిగి, మధ్యలో అడ్డుగోడ కట్టుకుని రెండుగా విడిపోతుంది. దీనిని ద్విధావిచ్ఛిత్తి అంటారు. మీ పిల్లల సైన్సు పుస్తకంలో ఈ మాట కనబడుతుంది. వీటిలో తల్లి ఏది, పిల్ల ఏది అంటే ఎవరూ చెప్పలేరు!

మన పేగుల్లో ఉండే ఇ.కోలై బాక్టీరియా, వెచ్చదనం, ఆహారం బాగా దొరికితే, 20 నిమిషాలకొకసారి ఇలా విడిపోగలదు. అంటే గంటలో ఒకటి ఎనిమిదవుతుంది. అదే వేగంతో సాగితే 7 గంటల్లో 20 లక్షలు దాటుతుంది. పొద్దున వండిన కూర బయట ఉంచితే రాత్రికి పాడయ్యేది ఇలాంటి క్రిముల వల్లనే.

1882లో రాబర్ట్ కోచ్ కనుగొన్న టి.బి. క్రిమి మాత్రం అలా కాదు. ఒక్కసారి విడిపోవడానికి దానికి 15 నుంచి 20 గంటలు పడుతుంది. అందుకే తెమడను ల్యాబులో పెంచి చూసే పరీక్షకు వారాలు పడుతుంది. నెమ్మది కదా అని తేలికగా తీసుకోకూడదు. చిక్కంతా అక్కడే ఉంది. ఐసోనియాజిడ్ అనే మాత్ర క్రిమి కొత్తగా గోడ కట్టుకునేటప్పుడు దెబ్బ తీస్తుంది. విడిపోకుండా ముడుచుకుని పడుకున్న క్రిమిని అది అంతగా ఏమీ చేయలేదు. అప్పుడప్పుడు మేల్కొనే అలాంటివాటిని రిఫాంపిసిన్ చంపుతుంది. అన్నీ చచ్చేదాకా మందు ఒంట్లో ఉండాలి. సాధారణ టి.బి.కి అందుకు ఆరు నెలలు పడుతుంది.

మధ్యలో మానేస్తే మిగిలినవి మళ్లీ రెండు, నాలుగు అవుతాయి. వాటిలో మందుకు లొంగనిది ఒక్కటి ఉన్నా, దాని నకళ్లన్నీ లొంగనివే. ఇంట్లోవారికి అంటుకునేదీ ఆ మొండి క్రిమే.

మాత్రల వల్ల మూత్రం నారింజ రంగులో వస్తే భయపడవద్దు, అది రిఫాంపిసిన్ రంగు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా ఆ రోజే డాక్టరుకు చూపించండి. కొన్ని రోజులు మాత్రలు తప్పినవారు తిడతామేమోనని ఇంట్లో ఉండిపోకండి. మిగిలిన మాత్రలు తీసుకుని వచ్చేయండి, లెక్క చూసి ఏం చేయాలో చెబుతాము.