ప్రెయిరీ నీటిగుంటలు

ఉత్తర అమెరికాఖండము నడుమ ప్రెయిరీ లనబడు విశాలమైన పచ్చికబయళ్లు కలవు. అందు కెనడాలోని ఆల్బర్టా మొదలుకొని సంయుక్తరాష్ట్రములలోని అయోవా వఱకు లక్షలకొలది చిన్న నీటిగుంటలు చెదరియున్నవి. పూర్వ మా ప్రదేశమును గొప్ప మంచుపలకలు కప్పియుండెను. పది పండ్రెండువేల సంవత్సరముల క్రిందట అవి కరగిపోగా, మంటిలో చిక్కిన మంచుగడ్డలు కరగినచోట్ల ఈ పల్లము లేర్పడెను. వసంతమున మంచునీటితో నిండి, వేసవిలో వీనియందు పెక్కు లెండిపోవును.

బాతులు గ్రుడ్లుపెట్టి పిల్లలను పెంచుట కీ గుంటలు ప్రసిద్ధములు. కాని కంటికి గానరాని మఱియొక యుపకారమును గలదు. మొక్కలు బొగ్గుపులుసుగాలిని గ్రహించి, అందలి కర్బనముతో ఆకులను, వేళ్లను నిర్మించుకొనును. మెట్టనేలపై రాలిన యాకును సూక్ష్మజీవులు ప్రాణవాయువు సాయమున త్వరగా క్రుళ్లజేయును. కర్బనము మరల గాలిలో కలియును. నీట మునిగిన నేలలో ప్రాణవాయువు మిక్కిలి యల్పము. కావున క్రుళ్లుట మెల్లగా జరుగును. ఏటేట చచ్చిన జమ్ము, తుంగ మొదలగునవి నల్లని బురదయై పొరలుగా పేరుకొనును. మన చెరువుల యడుగున నల్లని యొండ్రును జూచినవారి కిది సులభముగా బోధపడును.

పందొమ్మిదవ, ఇరువదవ శతాబ్దములలో సేద్యమునకై కాలువలు త్రవ్వియు, నేలలో మట్టిగొట్టములు పఱచియు ఇట్టి గుంటలలో సగమునకు మించి యెండగట్టిరి. అయోవాలో నూటికి 90కి పైగా నశించినవి. నీరు తీయగా గాలి చొచ్చెను. నాగలి యా మట్టిని తిరుగవేసెను. తరతరముల నిలువ కరగి యాకాశమున కెక్కెను.

ఇందొక చిక్కు గలదు. నీటిగుంటలనుండి మీథేను వాయువు వెలువడును. అది సమానమైన తూకమున బొగ్గుపులుసుగాలికంటె మిక్కిలి వేడిమిని పట్టియుంచును. గంధకలవణములు హెచ్చుగా నున్న నీటిలో నది తక్కువగా పుట్టును; అట్టి గుంట లచ్చట పెక్కు కలవు. అయినను, ఎండిన గుంటను మరల నింపిన మాత్రమున వెంటనే లాభము కలుగునని తలపరాదు. పోయిన కర్బనము తిరిగి చేరుటకు అనేక దశాబ్దములు పట్టును. కావున ఉన్నదానిని కాపాడుటయే మొదటిపని.

గుంట నెండగట్టుట కొక కాలువ చాలును. ఆ నల్లమట్టి పేరుకొనుటకు వేలయేండ్లు పట్టెను. పల్లపునేలను పనికిరానిదని నిందించుటకు ముందు, విద్యార్థులారా, దాని యడుగున నేమున్నదో విచారింపవలయును.