అక్వేరియం చేపలకు చవకలో మాక్రో

ప్రశ్న: మాది బరంపురం. అక్వేరియంలో జీబ్రా చేపలు, చెర్రీ రొయ్యలు పెంచుతున్నాను. కెనాన్ డీఎస్ఎల్ఆర్, 50 ఎం.ఎం. లెన్స్ ఉన్నాయి. తక్కువ ఖర్చులో ఏ మాక్రో లెన్స్ కొనాలి?
– ఒక పాఠకుడు, గంజాం జిల్లా

జవాబు: లెన్స్ కొనే ముందు ఎక్స్‌టెన్షన్ ట్యూబులు ప్రయత్నించండి. వీటిలో గాజు ఉండదు కాబట్టి ధర తక్కువ. మీ 50 ఎం.ఎం. లెన్సుకు, కెమెరాకు మధ్య 25 ఎం.ఎం. ట్యూబు తగిలిస్తే సెన్సర్ మీద బొమ్మ అసలు పరిమాణంలో సగం ఉంటుంది. అంటే 3 సెంటీమీటర్ల రొయ్య ఏపీఎస్-సీ సెన్సర్ ఫ్రేము వెడల్పులో మూడింట రెండు వంతులు నిండుతుంది. ఎలక్ట్రికల్ కాంటాక్టులు ఉన్న ట్యూబులే తీసుకోండి. లేకపోతే కెమెరా నుంచి అపర్చర్ మార్చలేరు.

లెన్సే కావాలంటే సెకండ్ హ్యాండ్‌లో 90–100 ఎం.ఎం. మాక్రో చూడండి. 35 ఎం.ఎం. మాక్రో చవకే కానీ, పూర్తి మాగ్నిఫికేషన్‌కు చేప లెన్సుకు 4 సెంటీమీటర్లలోపు రావాలి. అద్దం అవతల ఈదే చేపతో అది కష్టం. మీది సముద్రపు తేమ తగిలే ఊరు. కొనే ముందు లెన్సులోకి టార్చి వేసి ఫంగస్ ఉందేమో చూడండి. కొన్నాక సిలికా జెల్‌తో గాలి చొరని డబ్బాలో దాచండి.

ఫొటో తీసేటప్పుడు గది లైట్లు ఆర్పి, ట్యాంకు పైనుంచి వెలుగు ఇవ్వండి. రబ్బరు హుడ్‌ను అద్దానికి ఆనించి, లెన్సును దానికి లంబంగా పట్టండి. ఏటవాలుగా పడితే బొమ్మ మసకబారుతుంది. ఎఫ్/8, 1/160 సెకనుతో మొదలుపెట్టండి. అద్దం తుడవడం మాత్రం మరవకండి.