సమాన శ్రమ – సమాన వేతనం

స్త్రీ పురుషులిద్దరూ శ్రమిస్తేనే పంట ఇల్లు చేరుతుంది. అయినా వారి శ్రమకు కట్టే విలువ మాత్రం అనాదిగా ఒకటి కాదు. వికారాబాదు జిల్లాలోని బొంరాస్‌పేట ప్రాంతం మెట్టపంటలకు నెలవు. దీనికి చేరువలోని తాండూరు కందికి 2022లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. ఇటువంటి కందిచేలలో విత్తనాలు వేయడం, కలుపు తీయడం ఎక్కువగా స్త్రీల వంతు. దుక్కి దున్నడం, మందు కొట్టడం, బస్తాలు మోయడం పురుషుల పనులుగా పరిగణింపబడుతున్నాయి. కూలి వ్యత్యాసానికి మూలం ఈ విభజనలోనే ఉన్నది. పొద్దంతా నడుము వంచి చేసే కలుపుతీతకు ‘తేలిక పని’ అని పేరు పెట్టి, కూలి తగ్గించడం వాడుకగా మారింది.

సమాన పనికి సమాన వేతనం ఉండాలని భారత రాజ్యాంగంలోని 39వ అధికరణం నిర్దేశించింది. 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. ఆ సూత్రమే 2019 నాటి వేతనాల స్మృతిలో చేరింది. అయితే చట్టం ఒకే విధమైన పనులను పోల్చి చూస్తుంది. పనులనే ఆడపని, మగపని అని వేరుచేసినచోట అది నిస్సహాయమవుతుంది.

ఈ చిక్కుకు ఒక పరిష్కారాన్ని ఉపాధి హామీ పథకం చూపింది. 2006 ఫిబ్రవరిలో తొలి దశగా 200 జిల్లాలలో అది ప్రారంభమైంది. బొంరాస్‌పేట నాడు అంతర్భాగంగా ఉన్న మహబూబ్‌నగర్ జిల్లా వాటిలో ఒకటి. మట్టి తవ్వినది ఎవరైనా కూలి ధర ఒక్కటే. పని గ్రామానికి 5 కిలోమీటర్ల లోపల చూపాలనీ, పనిచోట ఆరేండ్లలోపు పిల్లలు ఐదుగురుంటే వారిని చూసుకొనేందుకు ఒక స్త్రీని కూలి ఇచ్చి నియమించాలనీ ఆ చట్టం విధించింది. ఈ నియమాలు అంతటా పూర్తిగా అమలు కాలేదు. అయినా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ పనులకు వచ్చినవారిలో స్త్రీలే సగానికి మించి ఉండడం గమనార్హం.

వేతనం సమానమైనంత మాత్రాన సమస్య తీరదు. ఉద్యోగంలో ఎదిగే అవకాశమూ సమానం కావాలి. ప్రభుత్వోద్యోగ నియామకాలలో స్త్రీలకు 30 శాతం స్థానాలు కేటాయిస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1984లో తెచ్చిన నియమాన్ని 1995లో సుప్రీంకోర్టు సమర్థించింది. దానివల్ల కార్యాలయ ద్వారం తెరచుకున్నది. కాని లోపలికి వెళ్ళిన తరువాత పైమెట్లు ఎక్కడానికి ఇంటి బాధ్యతలు అడ్డుపడుతున్నాయి. 2023లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన క్లాడియా గోల్డిన్, నేటి సంపన్న దేశాలలో స్త్రీ పురుషుల ఆదాయాల మధ్య అంతరం చాలావరకు తొలి బిడ్డ పుట్టుకతోనే పెరుగుతుందని నిరూపించింది. 2017 సవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుండి 26 వారాలకు పెరిగింది. అయితే ఆ సెలవు జీతం కలుపు తీసే కూలితల్లికి దక్కదు.

కావున చేసే మనిషిని బట్టి గాక, చేసిన పనిని బట్టి విలువ కట్టాలి. శిశుపోషణను, ఇంటి చాకిరిని పురుషుడు పంచుకోవాలి. పదవ తరగతితో ఆడపిల్ల చదువు ఆపరాదు. ఉన్నత పదవులకు ఎంపిక జరిగేటప్పుడు ప్రసూతి సెలవును లోపంగా ఎంచరాదు. అన్నకు, చెల్లెలికి ఇంటిపనిని సమంగా పంచడంతోనే ఈ మార్పు ఆరంభం కావాలి.

ప్రశ్నలు
1. చట్టాలున్నా పొలం పనులలో కూలి వ్యత్యాసం ఎందుకు తొలగలేదో వివరించండి.
2. ఉద్యోగినుల ఎదుగుదలకు గల ఆటంకాలను మీ పరిసరాల ఆధారంగా చర్చించండి.